వసంతమున పూచు చెట్టు, వలసవచ్చిన యిల్లు

ఒక జాతి వలస చరిత్రను వ్రాయువారు సామాన్యముగా జనాభా లెక్కలను, మగ్గముల సంఖ్యను, సంఘములు స్థాపితమైన సంవత్సరములను ఆధారముగా గ్రహింతురు. ఇవి యన్నియు అవసరమే. కాని యీ లెక్కలలో చేరని ఆధార మొకటి కలదు. అది వలసవచ్చినవారు తమ వాకిట నాటుకొన్న చెట్టు. బంతి, బెండ, గోంగూర మొదలగునవి ఒక కారులో మొలచి, ఫలించి, ఎండిపోవును. వీనిని నాటువాడు రాబోవు మూడు నాలుగు మాసములను మాత్రమే తలచును. వేప, మునగ, కరివేప, మల్లె, గోరింట అట్టివి కావు. ఇవి ఏండ్ల తరబడి నిలుచు బహువార్షికములు. వీనిని నాటువాడు రాబోవు వసంతమునకును, దాని తరువాతి వసంతమునకును తా నచటనే యుందునని నమ్మినవాడు.

ఠాణే జిల్లాలోని భివండీ మరమగ్గములకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము. అందలి నాగావ్ వంటి పేటలలో మగ్గముల కొట్టములకును, ఇండ్లకును నడుమ మిగిలిన జానెడు నేలపై గాని, రేకు డబ్బాలలో గాని మొక్కలు పెంచుకొను తెలుగువారికి ఈ భేదము బాగుగా తెలియును. ఋతువులు గతి తప్పుచున్న యీ కాలమున వసంతపు చెట్టును నిలుపుకొనుట యెట్లు అను ప్రశ్న వారికి తోటపని ప్రశ్న మాత్రమే కాదు. ఈ నేల తమదియా, కాదా అను ప్రశ్నయు అందు చేరియున్నది. ఈ ప్రశ్నకు తెలుగుదేశపు చరిత్రలో ఏ సమాధానములు లభించునో పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

పంచాంగము – పూత

వసంతఋతు వనగా చైత్ర వైశాఖములు. ఉగాది దానికి ద్వారము. తెలుగువారి పంచాంగము చాంద్రమానమును సౌరమానముతో పొందుపరచునది. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములు. సౌర సంవత్సరమునకు సుమారు 365 దినములు. ఏటేట కలుగు పదునొకండు దినముల కొరతను తీర్చుటకు సుమారు 32, 33 మాసముల కొకమారు అధికమాసము వచ్చును. అందుచే ఉగాది ఒక యేడు మార్చిలోను, మరియొక యేడు ఏప్రిలులోను పడును. 2023లో మార్చి 22న, అధిక శ్రావణము గడచిన పిమ్మట 2024లో ఏప్రిలు 9న, 2025లో మార్చి 30న ఉగాది జరిగెను. వరుసగా వచ్చిన రెండు ఉగాదుల నడుమనే 18 దినముల భేదము కానవచ్చుచున్నది.

చెట్టు పంచాంగము నెరుగదు. చలి తగ్గుట, ఎండ ముదురుట, నేలలో తడి యుండుట అను వీనిని బట్టియే వేప చివురు తొడిగి పూత పట్టును. మామిడికి పూత రావలెనన్నచో శీతకాలమున రాత్రులు చల్లగా నుండవలెను. పూచిన పిదప వాన కురియరాదు. కనుక పండుగకు పూవు అందుట యెన్నడును నిశ్చితమైన విషయము కాదు. మన పూర్వులు దీనిని గుర్తించిరి. ఒక యేటి వేపపువ్వును నీడన ఎండబెట్టి, కుండలో దాచి, చారునకును పథ్యమునకును సంవత్సరము పొడుగున వాడుకొనుట తెలుగు వంటయింటి ఆచారము. క్రొత్త పూత ఆలస్యమైనచో పాత పూవే పచ్చడిలో పడెను. ఋతువు చేయు మోసమునకు వంటయిల్లు చేసికొన్న యేర్పా టిది.

ఇచట మరాఠీ పొరుగువారి యాచారము గమనింపదగినది. తెలుగువారి వలెనే వారును అమాంత మాసములను పాటింతురు. కావున ఉగాది దినమే వారికి గుఢీ పాడ్వా. గుఢీకి వేపరెమ్మ కట్టుదురు. లేత వేపాకును బెల్లముతో చేర్చి తిందురు. వేపాకు దాదాపు ఎల్లకాలమును దొరకును. తెలుగువానికి మాత్రము ఆకు చాలదు, పూవు కావలెను. ఒకే చెట్టును, ఒకే దినమున ఆశ్రయించు రెండు జాతులలో ఋతువు తప్పినచో ముందుగా లోటు పడువాడు తెలుగువాడే.

కొండవీటి వసంతము

తెలుగుదేశ చరిత్రలో వసంత మనగానే కొండవీటి రెడ్డిరాజు కుమారగిరిరెడ్డి స్ఫురించును. క్రీ.శ. 1386 మొదలు 1402 వరకు పాలించిన యీ రాజు ఏటేట వసంతోత్సవములు జరిపి వసంతరాయ బిరుదము నందెను. ఉత్సవములకు కావలసిన కర్పూరము, చందనము, కస్తూరి మున్నగు సుగంధద్రవ్యములు ఓడలపై వచ్చెడివి. ఆ వర్తకమున ప్రసిద్ధుడైన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకిత మిచ్చెను. 1957లో సి. నారాయణరెడ్డి ‘కర్పూర వసంతరాయలు’ అను కావ్యమును వెలువరించి యీ చరిత్రను నేటి పాఠకులకు చేరువ చేసెను.

ఈ వైభవమునకు మరియొక ముఖము కలదు. మహారాష్ట్ర దేశమున దుర్గాదేవి క్షామమని చెప్పబడు మహాక్షామము 1396లో ఆరంభమై పండ్రెండేండ్లు పీడించినదని ప్రతీతి. అనగా కొండవీట కర్పూరపు వసంతములు జరుగుచున్న కడపటి సంవత్సరములలోనే దక్కను పీఠభూమి పడమటి భాగమున వానలు లేక ఊళ్ళు పాడువడుచుండెను. రాజు వసంతమును ఓడలపై తెప్పించుకొనగలడు. సామాన్యునికి వసంతము వాననుండియు, నేలనుండియు రావలసినదే. కనుక వాతావరణ చంచలత్వమునకు సామాన్యుడు కనుగొన్న ఉపాయము రాజోత్సవములందు కానరాదు. దానిని పెరటిలో, చేనిగట్టున వెదకవలెను.

సామర్లకోట తోట

ఈ యుపాయమును శాస్త్రదృష్టితో పరిశీలించి వ్రాసిన తొలివారిలో విలియం రాక్స్‌బర్గ్ ఒకడు. స్కాట్లండు దేశీయుడగు ఈ వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువున చేరి, 1781లో సామర్లకోటకు వచ్చెను. అచట తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ, సీమపనస మొదలగు బహువార్షికములను పెంచి చూచెను. వృక్షములతో పాటు వాతావరణమును గూడ ఏండ్ల తరబడి కొలిచి వ్రాసియుంచుట అతని ప్రత్యేకత.

అతని కాలము గోదావరి మండలమునకు కఠినమైనది. 1787 మే మాసమున కోరంగి తీరమును ఘోరమైన తుఫాను ముంచెత్తెను. పిమ్మట కొలది కాలమునకే వానలు వరుసగా తప్పి, 1791–92 నాటికి ఉత్తర సర్కారులలో మహాక్షామ మేర్పడెను. ఒకప్పుడు వరద, మరియొకప్పుడు అనావృష్టి. రాక్స్‌బర్గ్ ఈ క్షామమునకు పూర్వోదాహరణములు కలవేమో యని విచారించెను. పిఠాపురపు జమీందారు వంశపు పాత వ్రాతలలో సుమారు ఒక శతాబ్దమునకు ముందు వచ్చిన యిట్టి క్షామమును గూర్చిన ప్రస్తావన లభించినదని అతడు తెలిపెను. ఋతువు తప్పుట నేటి వింత కాదనియు, తెలుగు కుటుంబములు దానిని వ్రాసి యుంచుకొన్నవనియు దీనివలన తెలియుచున్నది.

అతని సూచన మిక్కిలి సరళమైనది. వరి, జొన్న ఒక కారు వానపై ఆధారపడును. ఆ వాన తప్పిన ఆ యేటి తిండి పోవును. లోతుగా వేరూనిన చెట్టు ఒక యేటి అనావృష్టికి చావదు. కావున కాలువగట్లపైని, బంజరులందును కొబ్బరి, తాటి, ఖర్జూరము, పనస, అరటి వంటి వానిని విరివిగా నాటించినచో కరవు కాలమున బీదల కవి ఆధారమగునని అతడు వాదించెను. 1793లో అతడు కలకత్తా తోటకు అధ్యక్షుడై వెడలెను. 1795 మొదలుగా మూడు సంపుటములలో వెలువడిన అతని కోరమండల తీరపు వృక్షముల గ్రంథమున 300 చిత్రపటములు కలవు. పెక్కు మొక్కలకు తెలుగు పేర్లును అందు చేరినవి.

అతనికి ముందువాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఇతడు 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున కన్నుమూసెను. కరివేపకు శాస్త్రజ్ఞు లిచ్చిన లాటిను నామమున కోనిగ్ పేరు నేటికిని నిలిచియున్నది. తెలుగువారి ప్రతి తాళింపులోను పడు ఆకు తెలుగుగడ్డపై మరణించిన యొక పరదేశి పేరు మోయుచుండుట చరిత్రలో చిన్న విశేషము.

వలస

రాక్స్‌బర్గ్ సలహా విరివిగా అమలు కాలేదు, క్షామములును ఆగలేదు. 1876–78 నాటి మహాక్షామము దక్కను నంతటిని కుదిపెను. మిల్లుబట్ట రాకతో చేనేత కుంటువడెను. తెలంగాణమునుండి పడమటి దిక్కునకు బ్రదుకుతెరువు వెదకికొనుచు పోవుట అంతకుముందే యారంభమైనది. బొంబాయిలో కట్టడపు పనులు చేసిన తెలుగువారిని కామాఠీలనిరి. వారు నివసించిన పేట కామాఠీపుర మయ్యెను. షోలాపురమున 1877లో తొలి నూలుమిల్లు వెలసిన పిమ్మట పద్మశాలీలు అచట అధికముగా స్థిరపడిరి. భివండీలో మరమగ్గములు 1930 దశకమునుండి వ్యాపించెను. 1982లో బొంబాయి మిల్లుకార్మికుల మహాసమ్మె తరువాత బట్ట ఉత్పత్తి మిల్లులనుండి మరమగ్గములకు మరింతగా తరలెను. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు జిల్లాలనుండి వచ్చిన నేతపనివారు సాంచాల చప్పుడు నడుమ ఇండ్లు కట్టుకొనిరి. పద్మానగర్ వంటి పేటల పేరు వినినంతనే ఈ చరిత్ర గుర్తునకు వచ్చును.

వారు వచ్చిన నేల వేరు, చేరిన నేల వేరు. కరీంనగరు ప్రాంతమున ఏటికి సుమారు 900 మొదలు 1,000 మిల్లీమీటర్ల వాన కురియును. ఠాణే జిల్లా కొంకణ భాగమున సుమారు 2,500 మిల్లీమీటర్లు, అదియు దాదాపుగా జూను మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు మాసములందే కురియును. తక్కిన యెనిమిది మాసములలో ఆకాశము పొడిగా నుండుట పరిపాటి. తెలంగాణమున నీరు చాలక చచ్చు మొక్క, భివండీలో శ్రావణ మాసమున నీరెక్కువై చచ్చును. వలసవచ్చినవారి తోటపనిలో ఇది తొలి పాఠము.

నాలుగు చెట్లు

వేపను ఊరినుండి తెచ్చుట కష్టము. దాని విత్తు కొలది వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. సామాన్యముగా పక్షులు పండు తిని విడిచిన విత్తులే గోడ ప్రక్కను, బాట ప్రక్కను మొలచును. కనుక భివండీ తెలుగువాని వేప సాధారణముగా ఊరిది కాదు, ఈ నేల యిచ్చినదే. వేప కరవును సహించును గాని, వేరుల చుట్టును నీరు నిలిచిన సహింపదు. ఎత్తైన చోట నిలిచిన వేప మాత్రమే ఇచట పెద్దదగును.

కరివేప పేరులోనే వేప కలదు. నల్లవేప యని తెలుగువా రన్నదానినే మరాఠీలు గోడ్‌నింబ్, అనగా తీపివేప, అందురు. ఒకరు రంగును, ఒకరు రుచిని చూచిరి. ఇరువురును దానిని వేపతోనే పోల్చిరి. తల్లిచెట్టు వేరునుండి వచ్చు పిలకను మట్టితో సహా త్రవ్వి తెచ్చిన బ్రదుకును. అందుచేత ఊరినుండి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకొనుటకు ఇది అనువైనది. శీతకాలమున ఆకు రాల్చి, వసంతమున క్రొత్త చివురు వేయును. అప్పుడు పూమొగ్గలను త్రుంచివేసినచో ఆకు దట్టముగా వచ్చును.

మల్లె తోటమాలి చేతికి లొంగిన మొక్క. మైలవరము వంటి చోట్ల పేరొందిన మల్లెతోటలలో కార్తికము తరువాత నీరు తగ్గించి, పుష్యమాసమున ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పిమ్మట ఎరువు వేసి నీరు పెట్టుదురు. అట్లు విశ్రాంతి నిచ్చిన తీగ వసంతమున విరగబూయును. భివండీ డబ్బాలోని మల్లెకును ఇదే విధి. శీతకాలమున నిత్యము నీరు పోసి గారాబము చేసిన మల్లె ఆకు మాత్రమే పెంచును.

మునగ కథ వలసదారుని కథ వంటిది. పాత మునగ కొమ్మ నాటిన చెట్టగును, ఏండ్లు నిలుచును. తమిళనాడులోని పెరియకుళమున 1989లో విడుదలైన పి.కె.ఎం. 1 అను రకము విత్తునుండి మొలచి, కొలది మాసములలోనే కాయలిచ్చును. దానిని ఏకవార్షికముగా సాగుచేయుదురు. అద్దె యింటివానికి రెండవది యనుకూలము. సొంత నేల గలవానికి మొదటిది. అయినను రెండింటిని ఏటేట నడుమెత్తున కత్తిరింపనిచో ఈదురుగాలికి కొమ్మలు విరుగును.

గతి తప్పిన ఋతువు

ఇటీవలి సంవత్సరములు ఈ చెట్లను తీవ్రముగా పరీక్షించుచున్నవి. 2005 జూలై 26న బొంబాయి శాంతాక్రజు కేంద్రమున ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వాన నమోదయ్యెను. అనగా కరీంనగరు సంవత్సరపు వాన ఒక్క దినమున కురిసినట్లు. 2014 ఫిబ్రవరి, మార్చి మాసములలో మహారాష్ట్రమునందలి మరఠ్వాడా, విదర్భలలో వడగండ్ల వానలు పంటలను, తోటలను నాశనము చేసెను. 2020 జూను 3న నిసర్గ తుఫాను కొంకణ తీరమున రాయగఢ్ జిల్లాను తాకెను. 2021 మే మాసమున, వసంతాంతమున, తౌక్తే తుఫాను ఈ తీరము వెంబడి సాగి మామిడితోటలను నేలకూల్చెను. 2022 మార్చి దేశమునకు 1901 తరువాత అత్యంత ఉష్ణమైన మార్చి. 2025 ఫిబ్రవరి అట్లే అత్యంత ఉష్ణమైన ఫిబ్రవరి. అదే 2025లో జూను 11 ప్రాంతమున రావలసిన నైరృతి ఋతుపవనము మే 26ననే బొంబాయి చేరెను. ఆ యేడు వైశాఖము ముగియుచుండగనే వర్షర్తువు వచ్చినట్లయ్యెను.

పుట్టినింటి వేపకును కష్టము తప్పలేదు. 2021లో తెలంగాణమున పెక్కుచోట్ల వేపచెట్ల కొమ్మలు కొనలనుండి ఎండిపోవు తెగులు వ్యాపించెను. ఊరిలో చెట్టున్నది గదా యని ఇచటి చెట్టును అలక్ష్యము చేయుటకు వీలు లేదని దీనివలన తేలుచున్నది.

ఇట్టి స్థితిలో చేయదగిన పనులు పూర్వుల పద్ధతికి విరుద్ధములు కావు. ఒకటి: ఒకే చెట్టును నమ్మక, వేరువేరు కాలములలో పూచు నాలుగైదు రకములను పెంచుట. రాక్స్‌బర్గ్ పట్టికలోని ఆంతర్యము ఇదియే. ఎండకు మల్లె వాడిన యేట మునగ కాయును. రెండు: ఫాల్గుణముననే పాదులపై ఎండుటాకులను, కొబ్బరిపీచును కప్పి తడిని నిలుపుట. వైశాఖమున పెండ్లిండ్లకై ఊరికి పోవు కుటుంబములకు ఇది మరింత యవసరము. మూడు: మే మాసము ముగియకమున్నే డబ్బాల అడుగున రంధ్రములను శుభ్రపరచి, వానిని ఇటుకలపై ఎత్తి నిలుపుట, జూను వచ్చువరకు ఆగరాదు. నాలుగు: సాంచాలనుండి లేచు నూలుధూళి ఆకులపై పేరుకొనును గనుక వారమున కొకమారు ఆకులను నీటితో కడుగుట. ఐదు: అకాలవర్షము పడిన మరునాడు నీరు పోయకుండుట, వేరు కుళ్ళిన మొక్కలను వేరుగా నుంచుట. ఆరు: వేపపువ్వు విరివిగా దొరికిన యేట ఎండబెట్టి దాచుట.

ఎవరి నేల?

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక చిక్కు మిగిలియే యుండును. డబ్బాలోని మొక్క ఎన్నడును చెట్టు కాజాలదు. వడగాలికి ముందుగా వాడునది, వానకు ముందుగా కుళ్ళునది డబ్బా మొక్కయే. నేలలో లోతుగా వేరు దిగిన చెట్టుకే గతి తప్పిన ఋతువును సహించు శక్తి కలుగును. కాని నేలలో నాటుటకు నేల కావలెను. అద్దె యింటివాడు నాటిన వేపను యజమాని గది కట్టుటకై నరికించిన అడ్డగించువా రుండరు. మరమగ్గములు మూతపడి కుటుంబము వేరొక చోటికి పోయినచో డబ్బా మల్లె వెంట పోవును; వేప పోజాలదు. అందుచేతనే పెక్కు తెలుగు కుటుంబములు ఒక తరమంతయు డబ్బాలతోనే సరిపెట్టుకొనిరి. డబ్బా మొక్క, తిరిగి ఊరికి పోవుదుమను ఆశకు గుర్తు. ఆ యాశ తప్పు కాదు. కాని మూడవ తరము భివండీలోనే పుట్టి, ఇచటనే చదువుకొని, ఇచటనే బ్రదుకు వెదకికొనుచున్నది.

భాషకును ఈ విషయమునకును సంబంధము కలదు. ఈ తరము పిల్లలు వేపను కడూలింబ్ అనియు, కరివేపను కఢీపత్తా అనియు, మునగను శేవగా అనియు, మల్లెను మోగ్రా అనియు బజారులో వినుచున్నారు. ఆ పేర్లు నేర్చుట మంచిదే. అయితే తెలుగు పేరు నిలువవలెనన్నచో పుస్తకములోని పదము చాలదు. ఆ పేరుతో పిలుచుటకు ఎదుట ఒక చెట్టుండవలెను. బతుకమ్మ పూలను బజారులో కొని తేవచ్చును. ఉగాది ఉదయమున క్రొత్తకుండలోని పచ్చడిపై చల్లు వేపపూతను మాత్రము ఎవరో ఒకరు చెట్టుకడకు పోయి కోసి తేవలసినదే.

కావున ఒక సూచన యుక్తముగా తోచుచున్నది. ఒక్కొక్క కుటుంబమునకు నేల లేకపోవచ్చును, సంఘమునకు కలదు. దేవాలయముల ఆవరణలు, తెలుగు బడుల ప్రాంగణములు, సంఘభవనముల చుట్టుప్రక్కల స్థలములు అద్దె యిండ్ల వలె చేతులు మారునవి కావు. అట్టి చోట్ల నీరు నిలువని మెరకను ఎంచి ఒక వేపను, ఒక పాత మునగను, ఒక కరివేపను, ఒక మల్లెపందిరిని నాటి, ఏటేట పూత వచ్చిన దినమును ఒక పుస్తకమున వ్రాసియుంచినచో రెండు ప్రయోజనములు సిద్ధించును. పండుగకు పూవు దొరకును. ఋతువు ఎట్లు మారుచున్నదో తెలుపు లెక్కయు నిలుచును. సామర్లకోటలో ఒక పరదేశి చేసినదియు, పిఠాపురపు వంశమువారు తమ కాగితములలో చేసినదియు ఇదియే.

ఈ పనికి ధనము అంతగా అవసరము లేదు. వేప నాటిన నాలుగైదేండ్లకు గాని పూయదు. అంతవరకు దానికి నీరు పోయువా రెవరో, పూత తేదీని వ్రాయువా రెవరో నిర్ణయించుకొని ప్రారంభించిన చాలును. నాటుటకు తగిన కాలము వానల తొలిదినములు. గోతులు త్రవ్వుటకు తగిన కాలము ఈ వసంతమే.